ఓర్కాఫ్లెక్స్ రివ్యూ: టరెట్ ఎక్కడ పెట్టాలో ఈ సాఫ్ట్‌వేర్ చెబుతుందా?

సముద్రం మధ్యలో నిలబడి చమురు తీసే ఓడను ఎఫ్‌పీఎస్‌ఓ అంటారు. దానికి లంగరు గొలుసులు ఎక్కడ కట్టాలో తేల్చడానికి చాలా డిజైన్ ఆఫీసుల్లో వాడే సాఫ్ట్‌వేర్ ఓర్కాఫ్లెక్స్. ఇంగ్లండ్‌లో అల్వర్‌స్టన్ అనే చిన్న ఊరి నుంచి ఓర్సినా కంపెనీ దీన్ని తయారు చేస్తోంది. కంపెనీ 1986 నాటిది. తీర్పు ముందే చెప్పేస్తాం: గొలుసుల లెక్కలో ఇది గట్టి సరుకు. ఓడ ముఖం ఎటు తిరుగుతుందన్న లెక్కలో మాత్రం మనం పెట్టిందే మనకు వడ్డిస్తుంది. గొలుసులన్నీ కలిసే ఇరుసును టరెట్ అంటారు. అది ఎక్కడ పెట్టాలన్నది అసలు ఈ రెండో లెక్కే. అందుకని ఈ రివ్యూ అంతా ఆ ఒక్క పని చుట్టూనే తిరుగుతుంది.

గొలుసులు బిగిస్తే ఓడ ఊగడం తగ్గుతుందని బయటివాళ్లే కాదు, కొత్తగా చేరిన ఇంజనీర్లూ అనుకుంటారు. తగ్గదు. లక్షన్నర టన్నుల ఓడను పది పన్నెండు సెకన్లకొకసారి వచ్చే అల ఎత్తి దించుతుంటే గొలుసు దాన్ని ఆపలేదు, ఆ ఊపుతోపాటు సాగి సర్దుకోవడమే దాని పని. గొలుసుల పెత్తనం నడిచేది రెండు చోట్ల. ఒకటి, 100 నుంచి 300 సెకన్లకు ఒకసారి నెమ్మదిగా ముందుకీ వెనక్కీ జరిగే ఊగిసలాట. రెండు, అలకు ఓడ ముక్కు చూపుతుందా, పక్క చూపుతుందా అన్నది. ముక్కు చూపితే పిచ్, అంటే ముందు వెనకలు లేచి పడటం. పక్క చూపితే రోల్, అంటే అడ్డంగా ఒరగడం. సెపరేటర్లలో నూనె, నీరు, గ్యాసు విడిపోవడం ఆగేదీ, క్రేన్లు కట్టేసుకోవాల్సి వచ్చేదీ ఎక్కువగా ఈ రెండో దానివల్లే.

పలుపుతాడుతో గుంజకు కట్టిన ఎద్దు చుట్టూ ఎటైనా తిరగగలదు. టరెట్ ఆ గుంజ లాంటిది. గొలుసులన్నీ టరెట్ అడుగున కలుస్తాయి, టరెట్ తిరగదు, దాని చుట్టూ ఓడ బేరింగ్ మీద తిరిగి గాలికీ అలకీ ఎదురు నిలుస్తుంది. ఓడ మధ్య నుంచి టరెట్ ఎంత ముందుకు జరిగితే ఓడ అంత సులువుగా దానంతటదే తిరుగుతుంది. కానీ అంతే వేగంగా ఇంకో ఖర్చు పెరుగుతుంది. 260 మీటర్ల ఓడ 4 డిగ్రీలు పిచ్ అయిందనుకోండి. టరెట్ మధ్య నుంచి 117 మీటర్లు ముందుంటే, అంటే దాదాపు ముక్కు దగ్గరుంటే, ఒక్క పిచ్ వల్లే అది 8.2 మీటర్లు లేస్తుంది, అంతే పడుతుంది. 78 మీటర్ల దగ్గర 5.4, 39 మీటర్ల దగ్గర 2.7. దీనికి ఓడ మొత్తంగా లేచి పడే హీవ్ 3 మీటర్లు కలపండి. రెండింటి మధ్య పావు చక్రం తేడా ఉంటే మొత్తాలు 8.7, 6.2, 4.0 మీటర్లవుతాయి. ఆ ఊపంతా టరెట్ కింద వేలాడుతూ చమురు పైకి తెచ్చే రైజర్ పైపులకే వెళ్తుంది. సముద్రం అడుగును తాకే చోట అవి నలిగేది అందుకే.

పోనీ మధ్యకు జరుపుదామంటే, పక్క నుంచి వచ్చే గాలీ నీటి ప్రవాహమూ టరెట్‌కు ముందున్న భాగాన్నీ వెనకున్న భాగాన్నీ దాదాపు సమానంగా తోస్తాయి. ఓడ ఎటు తిరగాలో తేల్చుకోలేదు. అప్పుడు థ్రస్టర్లతో, అంటే ఓడను పక్కకు నెట్టే ప్రొపెల్లర్లతో, తిప్పి పట్టుకోవాలి. థ్రస్టర్ల మీద ఆధారపడటం ఎంత దూరం తీసుకెళ్తుందో 2011 ఫిబ్రవరిలో ఉత్తర సముద్రంలో గ్రిఫాన్ ఆల్ఫా అనే ఎఫ్‌పీఎస్‌ఓ చూపించింది. తుపానులో గొలుసు తెగాక ఓడ ముఖం తప్పి అలలకు పక్క చూపింది. పది గొలుసుల్లో నాలుగు తెగి, ఓడ చోటు తప్పి, అడుగున ఉన్న పైపులు దెబ్బతిన్నాయి. ఉత్పత్తి మళ్లీ మొదలయింది 2013లో.

మన తీరం సంగతి ఇంకో రకం. కృష్ణా గోదావరి బేసిన్‌లో 2008 సెప్టెంబరులో ఎంఏ క్షేత్రంలో, దాదాపు 1,200 మీటర్ల లోతులో, పని మొదలుపెట్టిన ధీరూభాయ్-1కు టరెట్, అదీ విడిపోగలది. కాకినాడ ఎదుట 98/2 బ్లాకులో ఓఎన్‌జీసీ 2024 జనవరిలో తొలి చమురు తీసిందీ ఎఫ్‌పీఎస్‌ఓతోనే. 1996 నవంబరు తుపానునూ 2014 హుద్‌హుద్‌నూ చూసినవాళ్లకు టరెట్ ఎందుకో విడిగా చెప్పక్కర్లేదు. పడమరకు కదిలే తుపాను రాకముందు గాలి ఉత్తరం వైపు నుంచి కొడుతుంది, కన్ను దాటాక దక్షిణం నుంచి. ఓడ గాలిని బట్టి తిరుగుతుంది, అంతకుముందు లేచిన ఉబ్బు అలలు మాత్రం పాత దిక్కు నుంచే వస్తుంటాయి. ఆ కొన్ని గంటల్లోనే రోల్ చంపేస్తుంది. గాలి, అల, ప్రవాహం మూడూ ఒకే దిక్కున పెట్టి చేసిన లెక్క ఇక్కడ చెత్తబుట్టకే.

ఇక సాఫ్ట్‌వేర్. ఓడకు కావలసిన జలగతి లెక్కలన్నీ, అంటే అలకు ఓడ స్పందన చెప్పే ఆర్‌ఏఓలు, నెమ్మది తోపు చెప్పే క్యూటీఎఫ్‌లు, ఓడతోపాటు కదిలే నీటి బరువు చెప్పే అదనపు ద్రవ్యరాశి, ఊపును తగ్గించే డ్యాంపింగ్, ఓర్కావేవ్ అనే జంట ప్రోగ్రాము తీసి ఇస్తుంది. బయటి ప్రోగ్రాముల నుంచీ దిగుమతి చేసుకోవచ్చు. గొలుసుకు విజార్డ్ ఉంది. కడ్డీ వ్యాసం, స్టడ్ (కడియం మధ్య అడ్డ కడ్డీ) ఉందో లేదో చెబితే బరువు, బిగువు, నీటి ఒరిపిడి గుణకాలు నింపేస్తుంది. 120 మిల్లీమీటర్ల స్టడ్ లేని గొలుసుకు మీటరుకు దాదాపు 0.287 టన్నులు వస్తుంది. ఉక్కు ఆర్4 గ్రేడయితే తెగే బలం 13,570 కిలోన్యూటన్లు. ఇక్కడ ఒక సంగతి చేత్తో చేసుకోవాలి: తుప్పు. ఏడాదికి 0.4 మిల్లీమీటర్ల చొప్పున 20 ఏళ్లకు 8 మిల్లీమీటర్లు పోతే మిగిలేది 112. తెగే బలం దాదాపు 12,040కి దిగుతుంది. ఏపీఐ 2ఎస్‌కే అనే అమెరికన్ మూరింగ్ ప్రమాణం ప్రకారం అన్ని గొలుసులూ బాగున్నప్పుడు 1.67తో, ఒకటి తెగినప్పుడు 1.25తో భాగించాలి. అంటే అనుమతించే లాగుడు 7,210, 9,630 కిలోన్యూటన్లు. కొత్త గొలుసు బలంతో భాగించి నివేదిక రాసేసే ఆఫీసులు లేకపోలేదు.

టరెట్‌ను మోడల్ చేయడంలోనే సగం తప్పులు దొర్లుతాయి. గొలుసుల కొసలను నేరుగా ఓడకు తగిలించడం తేలిక, మౌస్‌తో రెండు క్లిక్‌లు. అలా చేస్తే ఓడ తిరిగినప్పుడు గొలుసులు కట్టిన వలయమూ ఓడతోపాటే తిరుగుతుంది, గొలుసులు ఓడను వెనక్కి మెలిపెడతాయి. తొమ్మిది గొలుసులు, ఒక్కోదానిలో 1,200 కిలోన్యూటన్ల అడ్డు లాగుడు, వలయం వ్యాసార్ధం 6 మీటర్లు అనుకుంటే, ఓడ 30 డిగ్రీలు తిరిగేసరికి 32,400 కిలోన్యూటన్ మీటర్ల మెలి పుట్టుకొస్తుంది. నిజం ఓడలో లేని మెలి అది. దాని పుణ్యమా అని మోడల్‌లో ఓడ బుద్ధిగా నిలబడి ఉంటుంది, రిపోర్టు అందంగా వస్తుంది. సరైన పద్ధతి ఇది: ఓడ మీద టరెట్ స్థానంలో కన్‌స్ట్రెయింట్ అనే వస్తువు పెట్టి, నిలువు అక్షం చుట్టూ తిరగడం ఒక్కటే వదిలేసి, మిగతా అయిదు కదలికలూ బిగించి, గొలుసులను దానికి తగిలించాలి. బేరింగ్ ఘర్షణ ఎంతో తయారీదారు నుంచి అడిగి తీసుకుని అందులోనే చేర్చాలి. ఘర్షణ సున్నా పెడితే ఓడ నిజంకన్నా చురుగ్గా తిరుగుతుంది.

దిక్కులు ఇంకో గొయ్యి. వాతావరణ నివేదికలో గాలి, అల "ఎక్కడి నుంచి" అని రాస్తారు, ప్రవాహాన్ని "ఎటు వైపు" అని రాస్తారు, కోణాలు ఉత్తరం నుంచి గడియారం దిశలో. ఓర్కాఫ్లెక్స్‌లో మూడూ "ఎటు వైపు"వే, ఎక్స్ అక్షం నుంచి గడియారానికి ఎదురు దిశలో. ఎక్స్ తూర్పుకు పెడితే, గాలికీ అలకీ 270 లోంచి నివేదికలోని కోణం తీసేయాలి, ప్రవాహానికి 90 లోంచి తీసేయాలి. నైరుతి అల, నివేదికలో 225 డిగ్రీలు, ఇక్కడ 45 అవుతుంది. 225 అలాగే కొట్టేస్తే అల సరిగ్గా ఈశాన్యం నుంచి వస్తుంది. అన్నీ ఒకేలా తలకిందులైతే ఓడా తలకిందులయి ఊరుకునేది. ప్రవాహం ఒక్కటీ వేరే లెక్కలో ఉండటంతో, టరెట్ స్థానం మీద వచ్చే నిర్ణయమే తారుమారవుతుంది.

మూడోది, డిఫాల్ట్ ఓడ. కొత్త ఓడ పెట్టగానే ప్రోగ్రాము 103 మీటర్ల చిన్న ట్యాంకరు లెక్కలు ఇస్తుంది. ఓడ పొడవు మాత్రం మార్చి, డేటా మార్చకపోతే అదే ట్యాంకరును సాగదీసి వాడుతుంది. కేక వేయదు. ఇది తప్పని అనలేం, హెల్ప్ ఫైల్లో రాసే ఉంది. అయినా తెర మీద ఒక ఎర్ర గీత పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

ఓడ డేటాలో ఏ ఏ బలాలు కలపాలో టిక్ చేసే జాబితా ఒకటుంది. అల తొలి దఫా బలం, నెమ్మది తోపు, అదనపు ద్రవ్యరాశి, ప్రవాహం, గాలి, ఇతర డ్యాంపింగ్, ఇలా. టరెట్ పనికి వీటిలో మూడు ప్రాణం. మొదటిది రోల్ డ్యాంపింగ్. ఓర్కావేవ్ ఇచ్చే డ్యాంపింగ్‌లో నీటి జిగట, సుడుల వాటా ఉండదు. వదిలేస్తే రోల్ 20 డిగ్రీలు దాటి, కంప్యూటర్లో ఓడ కుండలా దొర్లుతుంది. మోడల్ పరీక్షల నుంచి గానీ, ఓడ అడుగు అంచున ఉండే బిల్జ్ కీల్ రెక్క కొలతలను బట్టి గానీ వేగం వర్గంతో పెరిగే డ్యాంపింగ్ చేర్చాలి. రెండోది, ఓడ అక్షం చుట్టూ తిరుగుతున్నప్పుడు నీరు ఇచ్చే నిరోధం. ఇది చాలకపోతే తోక ఆడించే ఊపు, ఫిష్‌టైలింగ్, ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది. భయపడి టరెట్‌ను ఇంకా ముందుకు నెడతారు, రైజర్ల ఖర్చు పెరుగుతుంది. మూడోది మంక్ మెలి. సన్నని ఓడను ప్రవాహం పక్కకు తిప్పేసే గుణం అది. చమురు కంపెనీల సంఘం ఓసీఐఎంఎఫ్ పట్టికల్లోని ప్రవాహ గుణకాలు కొలిచి రాసినవి కాబట్టి ఆ మెలి వాటిలోనే ఉంటుంది. విన్యాస బలం అనే పెట్టెలో మళ్లీ టిక్ పెడితే రెండుసార్లు లెక్కలోకి వస్తుంది.

ఆ పట్టికలు కూడా ట్యాంకర్లవి. ఎఫ్‌పీఎస్‌ఓ డెక్ మీద నాలుగంతస్తుల ప్లాంటు, మంట గొట్టం, క్రేన్లు ఉంటాయి. గాలి తోపు కేంద్రం ఎక్కడుందన్నదే ఓడ తిరుగుడును తేలుస్తుంది. వసతి గృహం వెనకుంటే అది గాలిపటానికి తోకలా పనిచేస్తుంది, టరెట్ కాస్త వెనక్కి పెట్టినా నడుస్తుంది. వసతి ముందుంటే అదే గాలి ముక్కును పక్కకు నెడుతుంది. గాలి సొరంగం పరీక్ష లేకుండా టరెట్ స్థానం ఖాయం చేయడం తగదు. సాఫ్ట్‌వేర్‌కు ఇందులో పాపం లేదు.

పని వరుస ఇలా ఉంటే కాలం కలిసొస్తుంది. మొదట స్థిర లెక్కే, అంటే స్టాటిక్స్. టరెట్‌ను ఓడ మధ్య నుంచి పొడవులో 10 శాతం నుంచి 45 శాతం దాకా 5 శాతం చొప్పున జరుపుతూ, ఖాళీ, సగం, నిండు డ్రాఫ్ట్‌లకు (ఓడ నీటిలో మునిగే లోతులకు), గాలికీ అలకీ మధ్య 0, 30, 60, 90 డిగ్రీల తేడాతో ఓడ ఎటు నిలుస్తుందో గీయాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. స్టాటిక్స్‌కు స్థిరమైన నిలుపూ, కర్రను వేలిమీద నిలబెట్టినట్టుండే నిలుపూ రెండూ సమాధానాలే. అలలకు వెనక్కి తిరిగి నిలబడ్డ ఓడను కూడా సరే అంటుంది. ప్రతి సమాధానాన్నీ 10 డిగ్రీలు అటూ ఇటూ తప్పించి, కొద్దిసేపు డైనమిక్స్ నడిపి, తిరిగొస్తుందో లేదో చూసుకోవాలి. ఖాళీ ఓడను తప్పక చూడాలి. పైకి తేలిన ఓడకు గాలి ఎక్కువ తగులుతుంది, నీరు తక్కువ పడుతుంది. నిండుగా ఉన్నప్పుడు చక్కగా తిరిగిన టరెట్ స్థానం ఖాళీలో మొండికేయడం మామూలే.

ఎనిమిది స్థానాల్లో అయిదు ఇక్కడే రాలిపోతాయి. మిగిలిన మూడింటికి మూడు గంటల తుపాను అనుకరణలు. నెమ్మది ఊగిసలాట 150 సెకన్లదయితే మూడు గంటల్లో అది 72 చక్రాలే. ఒక్క అనుకరణలో వచ్చిన గరిష్ఠాన్ని నమ్మడానికి ఆ సంఖ్య చాలదు. కనీసం పది సీడ్‌లు, అంటే అలల వరుస మార్చే పది వేర్వేరు అంకెలు, పెట్టి నడిపి గరిష్ఠాల సగటు తీసుకోవాలి. అలను మెల్లగా పెంచే తొలి దశ డిఫాల్ట్‌గా కొద్ది సెకన్లే ఉంటుంది, టరెట్ ఓడకు దాన్ని వందల సెకన్లకు పెంచండి. లేకపోతే మొదటి కుదుపే గరిష్ఠంగా నమోదవుతుంది. ఈదురుగాలికి వేగం, దిశ రెండూ కాలంతో మారే ఫైలు పెట్టుకోవచ్చు. తెగిన గొలుసుకు కొసను ఫలానా దశ మొదట్లో వదిలెయ్యమని చెప్పే సౌకర్యముంది. తెగాక నిలిచిన స్థితి ఒక్కటే కాక తెగిన క్షణంలో ఓడ ఎంత ఎగిరిందో అందులో కనబడుతుంది. ఈ రెండూ దీని బలాలు.

పదుల స్థానాలు, వందల వాతావరణాలంటే చేత్తో తెరుస్తూ మూస్తూ కూర్చోలేం. మోడల్‌ను మామూలు టెక్స్ట్ ఫైలుగా దాచుకోవచ్చు, పైథాన్‌తో టరెట్ స్థానాన్ని ఒక లూపులో మార్చుకోవచ్చు, కంప్యూటర్లో ఉన్న కోర్లన్నింటినీ పనిలో పెట్టుకోవచ్చు. ఈ భాగంలో వంక పెట్టడానికేమీ లేదు. హెల్ప్ ఫైలు సమీకరణాలతో సహా ఉంటుంది, ఇంకే ప్రోగ్రాముకూ ఇంత శుభ్రమైన పుస్తకం లేదనవచ్చు.

టరెట్ లేకుండా నాలుగు మూలలా గొలుసులు కట్టే స్ప్రెడ్ మూరింగ్‌కు ఇదే ప్రోగ్రాము ఇంకా తేలిక. అంగోలా తీరంలో 2001లో మొదలైన జిరాసోల్ అలాంటిదే. ఉబ్బు అలలు ఏడాదంతా దాదాపు ఒకే దిక్కు నుంచి వచ్చే చోట ఓడను అటే తిప్పి కట్టేస్తే సరిపోతుంది, బేరింగ్ ఖర్చుండదు. గొలుసులు కట్టే చోట్లు మధ్య నుంచి 120 మీటర్లలో ఉంటే తిరుగుడుకు వచ్చే బిగువు, 100 మీటర్లకు జరిపితే దాదాపు 31 శాతం తగ్గుతుంది, దూరం వర్గాన్ని బట్టి. బ్రెజిల్ వాళ్లు డికాస్ అనే మధ్యేమార్గం తీశారు. ముందు గొలుసులు బిగువుగా, వెనకవి వదులుగా కట్టి, ఓడ కొంతమేర తిరగనిస్తారు. బంగాళాఖాతంలో గాలి తలకిందులయ్యే చోట ఇవేవీ పొసగవు.

ఇది చేయలేనివీ ఉన్నాయి. గొలుసును ఇది ఒంగే తాడులా చూస్తుంది. బిగువు ఎక్కువున్నప్పుడు కడియాలు ఒకదాన్నొకటి పట్టుకుని, పక్కకు ఒంగి పగలడం దీనికి తెలియదు. 2002లో జిరాసోల్ లోడింగ్ బోయా (ట్యాంకర్లకు చమురు ఎక్కించే తేలే గుండు) గొలుసులు ఏడాదైనా నిండకుండా తెగింది ఆ ఒంపు వల్లే. గొలుసు ఓడను చేరే ఫెయిర్‌లీడ్ దగ్గర కోణం, లాగుడు ఇందులోంచి తీసి, కడియం లెక్క వేరే ఫైనైట్ ఎలిమెంట్ ప్రోగ్రాములో చేసుకోవాలి. థ్రస్టర్ నియంత్రణా సిద్ధంగా ఉండదు, బయటి ఫంక్షన్ రాసుకోవాలి.

పోటీదారుల్లో ఆన్సిస్ ఆక్వా ఓడ లెక్కలో గట్టిది, గొలుసులు, రైజర్లు కలిసిన పనిలో ఓర్కాఫ్లెక్స్ అంత చురుకు కాదు. సిమా థ్రస్టర్ పనిలో మెరుగు, నేర్చుకోవడం కష్టం. మూర్‌డిన్ ఉచితం. విద్యార్థి ఒక గొలుసు ప్రవర్తన అర్థం చేసుకోవడానికి అది చాలు, టరెట్ ఓడ మొత్తానికి చాలదు.

ఏడాదికి ఒకటి రెండు మూరింగ్ పనులు చేసే చిన్న సంస్థ లైసెన్స్ కొనడం కంటే పని అప్పగించడం మేలు. కొనేముందు ఉచిత డెమో తెరిచి, ఓర్సినా వెబ్‌సైటులోని సిద్ధం మోడళ్లు దించుకుని చూడండి. డెమోలో లెక్క నడవదు, సేవ్ కాదు, కానీ కట్టిన తీరంతా కనబడుతుంది. పని బయటికి అప్పగిస్తే రిపోర్టుతోపాటు మూడు గీతలు అడగండి: ఖాళీ ఓడకు టరెట్ స్థానం మారితే హెడింగ్ ఎలా మారిందో, టరెట్ దగ్గర నిలువు ఊపు ఎంతో, గాలికీ అలకీ 90 డిగ్రీల తేడా ఉన్నప్పుడు రోల్ ఎంతో. మూడోది లేదంటే బిల్లు ఆపి పెట్టండి.